కొరతకు ఎన్ని పేర్లో!

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. మొన్నొక రాత్రి భోజనాల దగ్గర హోంవర్కు కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. "సరిపడినంత లేకపోవడం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటలు పది రాయాలట. షార్టేజ్, స్కేర్సిటీ, లాక్, డెఫిషియెన్సీ వాడే రాసుకున్నాడు. డెర్త్, పాసిటీ నేను అందించాను. "డెర్త్‌కి మూలం డియర్. పూర్వం ధరలు మండిపోవడాన్ని డెర్త్ అనేవారు" అని కాస్త పాండిత్యం కూడా ఒలకబోశాను. వాడు అదేమీ పట్టించుకోకుండా, "తెలుగులో ఎన్నున్నాయి నాన్నా?" అన్నాడు.

మా ఆవిడ చేతిలో గరిటెతోనే అందుకుంది. నీళ్ళకైతే ఎద్దడి, తిండికైతే కరువు, డబ్బుకైతే లేమి, మర్యాదకైతే లోటు, మనసుకైతే వెలితి! మనవాళ్ళు కరువులకు సంవత్సరాల పేర్లు కూడా పెట్టి గుర్తుంచుకున్నారు. 1832-33లో గుంటూరు సీమను ఊడ్చిపెట్టింది నందన కరువు. 1876లో మొదలైనది ధాత కరువు.

నిజం చెప్పాలంటే నన్ను ఈ దేశంలో నిలబెట్టింది కూడా షార్టేజ్ అనే మాటే. జె-1 వీసా మీద రెసిడెన్సీ చేసినవాళ్ళం చదువవగానే రెండేళ్ళు స్వదేశంలో ఉండి రావాలి. లేదా డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్ళు పనిచేయాలి. సెనేటర్ కాన్రాడ్ పేరు మీద 1994లో వచ్చిన ఏర్పాటు అది. మొదట రాష్ట్రానికి ఏటా 20 మంది, 2002 నుంచి 30 మంది. మామూలుగా 3,500 మందికో, అంతకు మించినవాళ్ళకో ఒక్క డాక్టరే దిక్కయితే అది షార్టేజ్ ఏరియా కింద లెక్క. అలా మిడ్‌వెస్ట్‌లో ఒక చిన్న ఊరికి చేరాను.

చేరిన కొత్తలో ఒక పెద్దావిడ వచ్చింది. షుగరు మూడొందలు దాటి ఉంది. కారణం అడిగితే, చేతిసంచి సర్దుకుంటూ, "అయామ్ ఎ లిటిల్ షార్ట్ దిస్ మంత్, డాక్టర్" అంది. నేను వెంటనే స్టెతస్కోపు తీసి ఊపిరితిత్తులు విన్నాను. షార్ట్ అంటే షార్ట్ ఆఫ్ బ్రెత్ అనుకున్నాను మరి! ఆవిడ పాపం కాదనకుండా గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. డోసు పెంచి పంపించబోయాను. నర్సు నన్ను పక్కకి పిలిచి చెప్పింది: "డాక్టర్, ఆవిడ అన్నది డబ్బు సంగతి. ఇన్సులిన్ నెలాఖరు దాకా రావాలని సగం సగం వేసుకుంటోంది."

నా తల తిరిగిపోయింది. కొనలేకపోతున్నానన్న మనిషికి ఇంకా ఎక్కువ కొనమని రాశాను! అప్పటికప్పుడు చవక రకానికి మార్చాం. నర్సు ఫుడ్ ప్యాంట్రీ చిరునామా కూడా రాసిచ్చింది. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది కానీ మా ఇద్దరి మొహాలూ చూడలేదు. ఆ తర్వాత తెలిసింది, 2006లోనే వ్యవసాయ శాఖవారు తమ లెక్కల్లోంచి "ఆకలి" అనే మాట తీసేసి "వెరీ లో ఫుడ్ సెక్యూరిటీ" అని పెట్టారని. ఆఫీసు కాగితానికైనా, చేతిసంచి పట్టుకున్న ముసలమ్మకైనా లేదనే మాట నోటికి రాదు కాబోలు.

2023 జులై 20న ఇండియా ప్రభుత్వం బాస్మతి కాని తెల్లబియ్యం ఎగుమతి ఆపేసినప్పుడు మన స్టోర్ల ముందు క్యూలు గుర్తున్నాయా? నేనూ నిలబడ్డాను. మూడు బస్తాల సోనామసూరి తెచ్చి గరాజ్‌లో పేర్చాను. 2024 సెప్టెంబరు చివర్లో నిషేధం ఎత్తేసేనాటికి ఆఖరి బస్తాకి పురుగు పట్టింది! ఆ క్యూ సంగతి ఫోనులో చెబితే అమ్మ నవ్వి, "ఏరా, అమెరికాలో బియ్యం నిండుకున్నాయా?" అంది.

ఎన్నేళ్ళయిందో ఆ మాట విని! చిన్నప్పుడు అమ్మ నా చేతికి గిన్నె ఇచ్చి పక్కింటికి పంపేది. "బియ్యం నిండుకున్నాయి, తవ్వెడు బదులిమ్మని అడుగు" అనేది. ఇంట్లో లక్ష్మి ఉండే చోట "లేవు" అనకూడదు. డబ్బా అడుగు కనబడుతున్నా నిండుకున్నాయనే అనాలి. పక్కింటి అత్తయ్యకు ఆ భాష తెలుసు. ఏమీ అడగకుండా గిన్నె నింపేది. మా ఊరి పెద్దావిడ "షార్ట్" కూడా ఆ నిండుకోవడమే. ఆ గిన్నె మోసిన నేనే ఆ మాట పోల్చుకోలేకపోయాను.

ఇంకొక సంగతి చెప్పి ముగిస్తాను. ఇక్కడి కొరత తీర్చడానికి నేను వచ్చాను గానీ, మా ఊళ్ళో అమ్మకి బీపీ చూడాలంటే ఈనాటికీ బస్సెక్కి వెళ్ళాల్సిందే. మందులున్నాయా అని అడిగితే, "మాకేం కొదవరా, నువ్వు కులాసాగా ఉండు" అంటుంది. ఇన్నేళ్ళూ ఆ మాట విని నిశ్చింతగా ఫోను పెట్టేసేవాణ్ణి. ఇప్పుడు మాత్రం, "డబ్బాలో ఎన్ని బిళ్ళలున్నాయో లెక్కపెట్టి చెప్పమ్మా" అంటున్నాను. విసుక్కుంటూనే లెక్కపెడుతుంది. పోయిన ఆదివారం నాలుగే ఉన్నాయి.

అన్నట్టు, మావాడు పదో మాటగా తెలుగు అక్షరాల్లోనే "నిండుకోవడం" అని రాసుకుని వెళ్ళాడు. టీచరు పక్కన ప్రశ్నార్థకం పెట్టి పంపింది. ఈ సంక్రాంతి సెలవుల్లో దానికి జవాబు రాసే పని మా ఇద్దరిదీ.