యాభై లీటర్ల గాలి

లంబసింగికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట పడుకున్నవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతాడని ఆ పేరొచ్చిందట. ఈ సంగతి నాకు వెళ్ళొచ్చాక తెలిసింది. ముందే తెలిస్తే ఇంకో దుప్పటి పెట్టుకునేవాణ్ణి.

సెకండియర్ డిసెంబర్లో ఐదుగురం వెళ్ళాం. టెంట్లు అక్కడే అద్దెకి దొరికాయి. పడుకోవడానికి మాత్రం ఒక సీనియర్ దగ్గర గాలి పరుపులు అడిగి తీసుకెళ్ళాం. మడిస్తే లీటర్ నీళ్ళ బాటిలంత ఉంటుంది. ఊదితే ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండంగుళాల మందం. పంపు లేదు. ‘నోరుంది కదా’ అన్నాడు సీనియర్.

టెంట్లో అందరూ బోర్లా పడుకుని ఊదడం మొదలుపెట్టారు. పందెం. నాకు ఐదో ఊదుకే కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. అది అందరికీ జరిగేదే. గబగబా ఊదితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తిరుగుతుంది. నాది అది కాదు. నాకు ఏడో తరగతి నుంచి ఆయాసం. చలిగాలికి ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఈ విషయం వీళ్ళెవరికీ చెప్పలేదు. ఇంటర్ హాస్టల్లో చెప్పినందుకు రెండేళ్ళు నా పేరు పోయి ‘ఆయాసం’ అనే పేరు మిగిలింది. రోల్ నంబర్ పిలిచినా ఎవడో వెనకనుంచి బరువుగా ఊపిరి తీసేవాడు. ఇంజనీరింగ్‌లో ఆ తప్పు చెయ్యదలుచుకోలేదు.

అందుకని పరుపు సగం ఊదేసి, మూత పెట్టేసి, ‘నాకు మెత్తగా ఉంటేనే ఇష్టం రా’ అన్నాను.

సగం గాలి పరుపంటే పరుపు లేనట్టే. కాళ్ళ దగ్గర ఉబ్బుతుంది, నడుం దగ్గర నేలకి ఆనుతుంది. పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా కిందనుంచి నేల మన ఒంట్లో వేడి లాగేస్తూనే ఉంటుంది. రాత్రి మూడింటికి పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్హేలర్ సాక్సులో దాచాను. దుప్పట్లో దూరి కొట్టుకున్నాను. ‘తుస్’ మన్న చప్పుడు ఆ నిశ్శబ్దంలో ఎంత పెద్దగా వినిపించిందో.

పక్కన రూమ్మేట్ లేచి కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ‘అటు జరుగు’ అన్నాడు. నా పరుపు లాక్కుని చీకట్లోనే మొత్తం ఊది, మూత బిగించి, మళ్ళీ పడుకున్నాడు.

థాంక్స్ చెప్పాలి. చెప్పలేదు. నిజం చెప్పాలంటే కోపం వచ్చింది. ఆ రాత్రంతా నా వీపు కింద ఉన్నది వేరేవాడి ఊపిరి అనిపించింది.

పొద్దున్నే అందరి పరుపులూ కొంచెం కొంచెం సడలాయి. ‘సీనియర్ లీకు పరుపులు అంటగట్టాడు’ అని తిట్టుకున్నారు. నేను మాట్లాడలేదు గానీ అది లీకు కాదు, చార్లెస్ సూత్రం. ఒంట్లోంచి వచ్చే గాలి దాదాపు 37 డిగ్రీలు. అది తెల్లవారుజామున పది డిగ్రీలకు దిగితే ఘనపరిమాణం నూటికి ఎనిమిది తొమ్మిది వంతులు తగ్గుతుంది. పైగా ఊపిరితో పాటు తడి కూడా లోపలికి పోతుంది. ఒకసారి ఊదితే పోయేది రెండు గ్రాముల లోపే, కానీ ఆరబెట్టకుండా మడిచిపెడితే లోపల బూజు పట్టడానికి అది చాలు. నోటితో ఊదడం తప్పని వాదించడానికి నాకు సైన్సు దొరికింది. అసలు కారణం వేరని మీకు తెలుసు.

హాస్టల్‌కి వచ్చాక పరుపు వెంటనే తిరిగివ్వలేదు. లెక్క వేశాను. పరుపులో పట్టేది సుమారు 50 లీటర్లు. ఆరోగ్యంగా ఉన్నవాడు గట్టిగా ఒకసారి ఊదితే మూడు నాలుగు లీటర్లు. సైకిల్ పంపు ఒక్కో దెబ్బకి పావు లీటరు ఇచ్చినా రెండు వందల దెబ్బలు, అదీ దాని గొట్టం మన మూతికి పట్టాలి కదా. హెయిర్ డ్రయ్యర్ పెడదామంటే కొండ మీద ప్లగ్గెక్కడ, వేడికి అతుకులు ఊడితే సీనియర్‌కి ఏం చెప్పాలి.

మా మెకానికల్ వాడు పాత కంప్యూటర్లోంచి ఫ్యాన్ పీకి, అట్ట గరాటుకి ఎం-సీల్ పెట్టి, మూతికి బిగించాడు. బ్రహ్మాండమైన చప్పుడు. పరుపు నూనెలో వేసిన అప్పడంలా లేచింది, సగంలో ఆగిపోయింది. ఎంతసేపు తిప్పినా అంతే. ఆ ఫ్యాను గాలిని కదపగలదు, నెట్టలేదు. అది పుట్టించే పీడనం రెండు మూడు మిల్లీమీటర్ల నీటికి సమానం. గ్లాసు అడుగుదాకా స్ట్రా ముంచి బుడగలు తెప్పించే చిన్నపిల్లాడి నోటికి అంతకు ఎన్నో రెట్లు బలం ఉంటుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ ల్యాబులో పంపుకి హెడ్, డిశ్చార్జ్ అని గ్రాఫు గీసి పది మార్కులు తెచ్చుకున్నాను. దాని అర్థం ఆ రోజు మంచం మీద కూర్చుంటే తెలిసింది.

అప్పుడు నాయనమ్మ గుర్తొచ్చింది. కట్టెల పొయ్యి దగ్గర ఆవిడ ఊదుగొట్టాన్ని పెదాలకి ఆనించేది కాదు. రెండు వేళ్ళ ఎడం ఉంచి ఊదేది. ‘ఆనించి ఊదితే ఆయాసం రా’ అనేది. వేగంగా పోయే గాలి చుట్టుపక్కల గాలిని కూడా లాక్కుపోతుందని ఆవిడకి ఎవరూ చెప్పి ఉండరు.

మెస్సు అక్కని అడిగి పెద్ద నల్ల చెత్త కవర్ కొత్తది ఒకటి తెచ్చాను. అడుగున ఒక మూల కత్తిరించి, నీళ్ళ బాటిల్ మెడ కోసి అందులో దూర్చి, చుట్టూ టేపు వేశాను. పరుపు మూతికి, బాటిల్ మెడకి మధ్య సందు లేకుండా సైకిల్ ట్యూబు ముక్క. ఇక కవర్ నోరు బాగా తెరిచి, ఒక జానెడు దూరం నుంచి ఒక్కసారి, మామూలుగా, ఊదాను. కవర్ మొత్తం లేచి నిలబడింది! నేనిచ్చింది మహా అయితే రెండు లీటర్లు. మిగతాది గదిలో గాలి, అదే తోడొచ్చింది. నోరు మెలిపెట్టి, చపాతీ చుట్టినట్టు చుట్టుకుంటూ మోకాలితో నొక్కితే గాలంతా పరుపులోకి. మూడు కవర్లకి పరుపు నిండింది. అదీ గదిలో ఉన్న చల్లటి, పొడి గాలి. పిల్లికూతల్లేవు. తలుపేసుకుని నాలుగుసార్లు ఊది, నాలుగుసార్లు తీశాను. రెండోసారి కవర్ చిరిగింది, టేపు వేశాను.

థర్డియర్లో మళ్ళీ లంబసింగి. అదే బ్యాచ్. టెంట్లో అందరూ బోర్లా పడుకోబోతుంటే నేను బ్యాగులోంచి కవర్ తీశాను.

‘ఏంట్రా అది, చెత్త ఎత్తుతావా?’

చెప్పాలని బస్సులో నాలుగు గంటలు సాధన చేసిన వాక్యం ఒకటుంది. అది రాలేదు. ‘నాకు ఆయాసం రా. ఊదలేను. అందుకని ఇది’ అన్నాను.

రూమ్మేట్ తలెత్తలేదు. ‘తెలుసులే. నీదయ్యాక కవర్ ఇటివ్వు’ అన్నాడు.

ఇవ్వలేదు. ఐదు పరుపులూ నేనే నింపాను. మెకానికల్ వాడు టార్చి పట్టుకుని, బాటిల్ మెడ కోసిన చోట ఇంకా నున్నగా ఉండాల్సిందని సలహాలు ఇచ్చాడు. కవర్‌తో ఎంత నొక్కినా పరుపు పూర్తిగా గట్టిపడదు. చివర్లో నోటితో ఒకటి రెండు ఊదులు కావాలి. నా పరుపుకి ఆ రెండూ నేనే ఊదాను, మధ్యలో ఆగి, నింపాదిగా. రూమ్మేట్ పరుపుకి కూడా ఊదబోతే వాడు లాక్కున్నాడు. ‘పోయినసారి బాకీ తీరుస్తున్నావా? పడుకో’ అన్నాడు.

ఇన్హేలర్ ఈసారి దిండు పక్కనే పెట్టుకున్నాను. పొద్దున్న అదే కవర్లో మా చిప్సు ప్యాకెట్లు, టీ కప్పులు అన్నీ వేసుకుని కిందకి దిగాం.