వెనక సీటు బెల్టు

2023 సంక్రాంతి నాటికి మా ఇంట్లో ఒక నిర్ణయం దాదాపు ఖాయమైంది. పాత పెట్రోలు కారు ఇచ్చేసి హైబ్రిడ్ కారు తీసుకోవాలని. పండగ హడావుడి ఇంకా తగ్గకముందే పేపర్లో వార్త పడింది. మారుతి సుజుకి 17,362 కార్లను వెనక్కి పిలిపిస్తోంది. 2022 డిసెంబరు 8కీ 2023 జనవరి 12కీ మధ్య తయారైన కొన్ని మోడళ్లలో ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ మీద అనుమానం ఉందని, అది మార్చేదాకా ఆ కార్లు నడపవద్దని కంపెనీయే చెప్పింది. ఆ జాబితాలో మేం అనుకుంటున్న గ్రాండ్ విటారా పేరుంది.

వారం తిరక్కుండానే ఇంకో వార్త. ఈసారి గ్రాండ్ విటారాలు మాత్రమే, 11,177. వెనక సీటు బెల్టును కారు బాడీకి పట్టి ఉంచే బ్రాకెట్ కాలం గడిచేకొద్దీ వదులయ్యే అవకాశం ఉందట. అంతకుముందు డిసెంబరులోనే ముందు సీటు బెల్టులో ఒక చిన్న భాగం గురించి 9,125 కార్లను పిలిచారు. బెంగళూరు దగ్గర బిడది ఫ్యాక్టరీలో గ్రాండ్ విటారాతో పాటే తయారయ్యే టొయోటా హైరైడర్‌కూ ఇలాంటి పిలుపులే వచ్చాయి.

నాయన పేపరు మడిచి అరుగు మీద పెట్టాడు. "ఏందిరా అబ్బయా, బెల్టు వదులైపోద్దని చేసినోళ్లే చెప్తా ఉంటే, ఇరవై లక్షలు పోసి ఆ కారే కొంటావా?" అన్నాడు. ఆ ప్రశ్నకు నా దగ్గర వెంటనే చెప్పే జవాబు లేదు. అప్పట్లో ఆ హైబ్రిడ్ షోరూము ధరే 17 లక్షల 99 వేల దగ్గర మొదలయ్యేది. రోడ్డు మీదకు వచ్చేసరికి ఇరవై లక్షలు దాటేది. మా ఇంట్లో అంత డబ్బు పెట్టి కొన్న వస్తువు అంతకుముందు ఇంకొకటి లేదు.

మనుబోలులో ఉండేవాళ్లకు కారు భద్రత ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. నెల్లూరుకీ గూడూరుకీ మధ్య, చెన్నై-కోల్‌కతా హైవే పక్కనే మా ఊరు. మేం చిన్నప్పుడు ఐదో నంబరు అని పిలిచిన రోడ్డే ఇప్పుడు పదహారో నంబరు. కృష్ణపట్నం పోర్టు నుంచి బొగ్గు, వంటనూనె, చిల్లకూరు వైపు నుంచి సిలికా ఇసుక, గూడూరు నుంచి నిమ్మకాయలు, అన్నీ ఈ రోడ్డెక్కాల్సిందే. నా బడి, మా ఆవిడ ఆఫీసు, నాయన గుండె డాక్టరు, అమ్మ కంటి ఆసుపత్రి కూడా ఆ రోడ్డు మీదే. లారీ టైరు పేలి బోల్తా పడిన చోటును దాటకుండా మా ఊళ్లో ఎవరికీ ఏడాది గడవదు.

మరి హైబ్రిడ్డే ఎందుకు? నెల్లూరులో అయ్యప్పగుడి నుంచి మద్రాసు బస్టాండు దాకా పొద్దునపూట పాకుతూ వెళ్లిన వాళ్లకు కారణం తెలుస్తుంది. ఆగి ఆగి కదిలే దారిలో పెట్రోలు కారు తాగేదంతా వృథా. హైబ్రిడ్‌లో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకు తోడు ఒక మోటారు ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు వేడిగా పోయే శక్తిని పట్టి బ్యాటరీలో వేస్తుంది, నిదానంగా కదిలేటప్పుడు దాన్నే వాడుకుంటుంది. ప్లగ్గు పెట్టి ఛార్జి చేసే పని లేదు. లీటరుకు 27.97 కిలోమీటర్లని అధికారిక లెక్క. హైవే మీద ఒకే వేగంతో పోయేటప్పుడు ఆ లాభం తగ్గుతుందని మాకు తెలుసు. పన్ను విషయంలో కూడా దీనికి సాయం లేదు. ఎలక్ట్రిక్ కారుకు జీఎస్టీ 5 శాతం, దీనికి అప్పట్లో సెస్సుతో కలిపి 43. అయినా అమ్మను చెన్నై తీసుకెళ్లి అదే రోజు తిరిగి రావాల్సిన మాకు, దారిలో ఛార్జింగ్ కోసం ఎదురుచూడక్కర్లేని కారే కుదిరింది.

ఇంట్లో వాళ్ల భయమంతా ముందు బ్యాటరీ మీదే ఉండేది. దానికి కారణం లేకపోలేదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, ఆ తర్వాత కొద్ది రోజులకే విజయవాడలో ఇంట్లో పెట్టిన ఎలక్ట్రిక్ బండి బ్యాటరీ పేలి మనుషులు చనిపోయారు. ఆ ఫొటోలు ప్రతి ఫోనుకూ చేరాయి. "వెనక డిక్కీ కింద బ్యాటరీ పెట్టుకోని తిరిగేదేందిరా" అన్నది అమ్మ. హైబ్రిడ్ బ్యాటరీ ఎంతుంటుందో లెక్క చూశాను. ఒక కిలోవాట్ అవర్ కూడా లేదు, 0.76 మాత్రమే. ఆ రోజుల్లో ఎక్కువగా అమ్ముడయ్యే ఎలక్ట్రిక్ కారులో ముప్పై ఉండేది. చిన్నదైనంత మాత్రాన ప్రమాదం ఉండదని కాదు. దాని వోల్టేజీ 177 పైనే. అందుకే ఆ తీగలకు నారింజరంగు తొడుగు వేసి, తెలియనివాళ్లు ముట్టుకోకుండా హెచ్చరిక పెడతారు. ఢీకొన్నప్పుడు ఆ కరెంటు తనంతట తానే తెగిపోయే ఏర్పాటు ఉంటుంది. ఆ బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఇస్తున్నారు.

ఈ చర్చను అసలు దారికి తెచ్చింది మా ఆవిడ. మూడు రీకాల్ వార్తలూ పక్కపక్కన పెట్టి చదివి, "వీటిలో బ్యాటరీ ఎక్కడుంది?" అని అడిగింది. నిజమే. ముందు బెల్టు, ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్, వెనక బెల్టు బ్రాకెట్. హైబ్రిడ్‌తో ఏ సంబంధమూ లేని, ఏ కారులోనైనా ఉండే భాగాలు. మేం కొత్త యంత్రాన్ని చూసి జంకుతుంటే, తప్పు పాత చోట దొరికింది. "వెనక సీట్లో కూర్చునేది ఎవరు? అత్తయ్య, మామయ్య, పాప. మనం తేల్చుకోవాల్సింది ఆ బెల్టు సంగతి" అంది.

2022 సెప్టెంబరు 4న మహారాష్ట్రలో సూర్యా నది వంతెన మీద జరిగిన ప్రమాదంలో టాటా సన్స్ మాజీ ఛైర్మన్ సైరస్ మిస్త్రీ చనిపోయారు. ఆయన వెనక సీట్లో ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదు. అంత ఖరీదైన కారు, అన్ని ఎయిర్‌బ్యాగులు ఉండి కూడా ఆ ఒక్క బెల్టు లేని లోటును తీర్చలేకపోయాయి. మా ఇంట్లో వెనక కూర్చున్నవాళ్లు బెల్టు పెట్టుకోవడం ఆ వార్త తర్వాతే మొదలైంది.

గూడూరులో మాకు తెలిసిన మెకానిక్ ఒకాయన ఉన్నాడు. బ్రాకెట్ అంటే ఏమిటో కళ్లతో చూడాలని ఆయన షెడ్డుకు వెళ్లాను. హైవే మీద లారీని గుద్ది నుజ్జయిన కారు ఒకటి అక్కడ పడి ఉంది. వెనక సీటు పీకి, నేలకూ పక్క స్తంభానికీ బెల్టు బిగిసి ఉండే చోట్లు చూపించాడు. బెల్టు పట్టీ లాగితే తెగదు. దాని మీద పడే బరువంతా మోసేది ఆ రెండు మూడు బోల్టులు, వాటి కింది ఇనుప రేకు. "మనిషి ముందుకు తూలితే ఆ ఊపంతా ఈడ పడుద్ది సార్. ఇది వదులైతే బెల్టు ఉన్నా లేనట్టే" అన్నాడు. ఆ కారులో నన్ను ఇంకోటి కలచివేసింది. దాని వెనక బెల్టులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. పైన వేయించిన సీటు కవరు కింద బకిల్సు పూర్తిగా కప్పేసి ఉన్నాయి. ఆ కారులో వెనక కూర్చున్నవాళ్లు ఒక్కసారి కూడా వాటిని వాడలేదు.

ఆ రాత్రే కాలిఫోర్నియాలో ఉన్న తమ్ముడితో మాట్లాడాను. ఫ్రీమాంట్ చుట్టుపక్కల మనవాళ్లలో చాలామందికి హైబ్రిడ్లు కొత్త కాదు. 2010 నాటి సంగతులు వాడికి బాగా గుర్తున్నాయి. ఆ ఫిబ్రవరిలో టొయోటా ప్రియస్‌తో కలిపి నాలుగు లక్షలకు పైగా హైబ్రిడ్లను బ్రేకు సాఫ్ట్‌వేర్ కోసం వెనక్కి పిలిచింది. గతుకుల్లో, జారుడు రోడ్డు మీద బ్రేకు పట్టు ఒక క్షణం తప్పినట్టు అనిపించేదట. ఆ నెల 24న కంపెనీ అధ్యక్షుడు అకియో టొయోడా అమెరికా కాంగ్రెస్ ముందుకు వచ్చి క్షమాపణ చెప్పాడు. 2014 ఫిబ్రవరిలో ఇన్వర్టర్ సాఫ్ట్‌వేర్ కోసం 19 లక్షల ప్రియస్‌లను పిలిచారు. ఇవి హైబ్రిడ్‌కే సంబంధించిన లోపాలు. కాబట్టి హైబ్రిడ్‌లో తప్పు రాదని ఎవరైనా అంటే నమ్మొద్దన్నాడు తమ్ముడు. "రీకాల్ అన్న మాట వినగానే బెదరొద్దన్నా. ఏ భాగం, ఏ తేదీల మధ్య తయారైంది, బాగుచేసేదాకా నడపొచ్చా, ఏం మారుస్తారు, ఈ నాలుగూ అడుగు" అన్నాడు.

ఆ మాటల్లోనే టకాటా సంగతి వచ్చింది. ఆ జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల్లో వాడిన అమ్మోనియం నైట్రేట్ మందు ఏళ్ల తరబడి వేడి, తేమ తగిలితే చెడిపోయేది. బ్యాగు తెరుచుకునేటప్పుడు లోహపు డబ్బా పగిలి, ముక్కలు మనిషికి గుచ్చుకునేవి. ప్రపంచమంతా కోట్ల కార్లను వెనక్కి పిలిచారు. అమెరికాలో ఫ్లోరిడా లాంటి ఉక్క ప్రాంతాల కార్లను ముందు బాగుచేశారు. 2017 జూన్‌లో ఆ కంపెనీ దివాలా తీసింది. వేడి, తేమ, ఉప్పుగాలి అంటే ఏమిటో మా తీరంలో ఎవరికీ వివరించక్కర్లేదు. "మీ పాత కారు నంబరు కొట్టి చూశారా?" అని తమ్ముడు అడిగాడు.

ఆ కారు మేం సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం. దాని 17 అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొడితే, ఒక రీకాల్ మిగిలి ఉందని వచ్చింది. పెట్రోలు పంపు మార్చాలట, మార్చకపోతే నడుస్తుండగా ఇంజను ఆగిపోవచ్చట. ఉత్తరం, ఫోను మొదటి యజమానికి వెళ్లాయి. ఆయన కారు అమ్మేశాడు, ఆ కబురు మా దాకా రాలేదు. పోర్టు లారీల మధ్య నాయననూ అమ్మనూ ఎక్కించుకుని మేం తిరుగుతున్నది ఆ కారులోనే. పేపర్లో పేరు పడిన కొత్త కారుకు భయపడుతూ, ఏ పేపరూ పేరు చెప్పని కారును సురక్షితం అనుకున్నాం. మర్నాడే సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే పైసా తీసుకోకుండా పంపు మార్చారు.

నాయన మనసు మారింది అప్పుడే. "చెప్పినోడు మేలు, చెప్పింది మనదాకా రావాల" అన్నాడు.

నెల్లూరులో ఒక షోరూముకు వెళ్లి ఆ నాలుగు ప్రశ్నలూ అడిగాం. అమ్మేవాళ్లు "అవన్నీ పాత బ్యాచ్ సార్" అని మాట దాటేశారు. సర్వీసు విభాగంలో ఒక పెద్దాయన మాత్రం కూర్చోబెట్టి చెప్పాడు. వెనక బ్రాకెట్ పిలుపు 2022 ఆగస్టు 8 నుంచి నవంబరు 15 దాకా తయారైనవాటికి. భాగాన్ని పరీక్షించి, అవసరమైతే ఉచితంగా మారుస్తారు. మేం బుక్ చేస్తే వచ్చేది నెలల తర్వాత తయారయ్యే కారు. చట్టం సంగతి కూడా ఆయనే చెప్పాడు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చారు. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యాయి. ఏడేళ్ల లోపు బండ్లకు అవి వర్తిస్తాయి. ప్రభుత్వం ఆదేశించి పిలిపించాల్సి వస్తే కంపెనీ కోటి రూపాయల దాకా జరిమానా కట్టాలి. అంతకుముందు ఇదంతా కంపెనీల ఇష్టం మీద నడిచేది.

బుక్ చేశాం. ఉగాదికి రాలేదు, దసరాకు ముందు వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు పంపకముందే ఛాసిస్ నంబరు తీసుకుని, తయారీ నెల చూసి, మిగిలిన రీకాల్ ఏదీ లేదని కాగితం మీద రాయించుకున్నాం. సీటు కవర్లు వేయించేటప్పుడు మా ఆవిడ అక్కడే నిలబడి, వెనక మూడు బకిల్సూ పైకి ఉండేలా కుట్టించింది. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను వచ్చినప్పుడు కారు బయటికి తీయలేదు. హైబ్రిడ్ అని కాదు. 2021 నవంబరు వరదల్లో వాగు నీళ్లు హైవే ఎక్కడం చూసినవాళ్లం, పారే నీళ్లలో ఏ కారూ దింపకూడదని మాకు తెలుసు.

ఇప్పుడు ఊళ్లో ఎవరు కారు కొంటున్నా నన్ను అడుగుతున్నారు, హైబ్రిడ్ మంచిదా అని. మంచిదే అంటాను, కానీ ముందు వాళ్ల పాత కారు ఛాసిస్ నంబరు చెప్పమంటాను. మా వైపు తిరిగే కార్లలో చాలా వరకు చేతులు మారినవే. పేరు మార్చేటప్పుడు బీమా ఉందా, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉందా, ఫైనాన్సు బాకీ ఉందా అని చూస్తారు. ఈ బండికి చేయించాల్సిన రీకాల్ మిగిలి ఉందా అన్న ప్రశ్న కూడా ఆ కాగితాల్లో చేరాలి. చేరేదాకా కొన్నవాళ్లే కంపెనీకి ఫోను చేసి తమ నంబరు రాయించుకోవాలి. మొదటి యజమానికి వెళ్లిన ఉత్తరం మూడో యజమాని పిల్లల్ని కాపాడదు.