చాకు కొనేముందు నూరేదెవరో చెప్పండి

హఫీజ్‌పేట్,
ఆవకాయల రోజులు



రైతుబజార్ల బయట మామిడికాయలు కొట్టేవాళ్ళు మళ్ళీ కూర్చున్నారు. చెక్కకి ఒక చివర బిగించిన మందపాటి కత్తి, రెండో చివర పొడవాటి పిడి. కాయ పెట్టి ఒక్క వేటు వేస్తే టెంకతో సహా రెండు చెక్కలవుతుంది. జీడి ఊడదీసి పక్కన పడేస్తారు, ఇంకో రెండు వేట్లలో ముక్కలు సంచీలో ఉంటాయి. ముక్క అంచు చూడండి, ఎక్కడా నలిగి ఉండదు. నలిగితే నీరు ఊరుతుంది, ఆవకాయ ముక్క మెత్తబడుతుంది. ఆ కత్తికి పళ్ళుండవు. నున్నటి సాదా అంచు, దాని మీద రోజూ పెట్టే పదును, అంతే.

కాయలు కొట్టించుకుని ఇంటికొచ్చాక చాకుల మీదికి ధ్యాస మళ్ళుతుంది. సాదా చాకు కొనాలా, రంపంలా పళ్ళున్నది కొనాలా అని మీలో చాలామంది అడుగుతుంటారు. నేను ఎదురు ప్రశ్న వేస్తాను. మీ ఇంట్లో చాకు నూరేదెవరు? ఎవరో ఒకరు ఉంటే సాదాది కొనండి. ఎవరూ లేకపోతే రంపపు చాకు కొనుక్కోండి, తప్పేం లేదు. రెండిటి మధ్యా అసలు తేడా అక్కడే ఉంది.

రెండూ కోసే తీరు చూద్దాం. సాదా అంచు బరువుతో దిగుతుంది. అంచు ఎంత సన్నగా ఉంటే అంత తక్కువ ఒత్తిడి చాలు. రంపపు చాకులో ముందు పళ్ళ మొనలు గుచ్చుకుంటాయి, చేతి బలమంతా ఆ మొనల మీదే పడుతుంది. ముందుకీ వెనక్కీ లాగుతుంటే పన్నుకీ పన్నుకీ మధ్యనున్న గుంటలు కోసుకుపోతాయి. అందుకే పైన గట్టిగా, లోపల మెత్తగా ఉండేవాటికి అది బాగా పనికొస్తుంది. బ్రెడ్డు, బన్ను, కేకు, బాగా పండిన టమాటా, అనాసపండు తొక్క. పైగా పీట మీద ఒరుసుకునేవి మొనలే. గుంటల్లోని అంచుకి పీట తగలదు కాబట్టి పదును చాలాకాలం నిలుస్తుంది.

ఉల్లిపాయ సన్నగా తరగాలన్నా, బెండకాయ చక్రాలు కోయాలన్నా, మాంసం ముక్కలు కొట్టాలన్నా రంపపు చాకు చికాకు పెడుతుంది. తరిగిన చోట పీచులు లేస్తాయి. ఉల్లిపాయైతే నలిగి మరింత ఘాటు విడుస్తుంది. మొద్దుబారిన సాదా చాకుతో తరిగినా అంతే, కళ్ళ నీళ్ళు ఆగవు.

మన పెద్దవాళ్ళు ఈ లెక్క ఎప్పుడో తేల్చేశారు. కత్తిపీట చూడండి. తెలంగాణ ఇళ్ళలో ఈలపీట అంటారు. కూరగాయలు తరిగే అంచు సాదాగా ఉంటుంది. చాలా పీటలకి ఆ కత్తి తలమీద కొబ్బరి కోరడానికి పళ్ళు పెట్టి ఉంటాయి. ఒకే ఇనుములో రెండూ ఉన్నాయి, దేని పని దానిదే.

పొలంలోనూ అంతే. గొడ్డలి, కత్తి సాదావి, రైతే రాయి మీద నూరుకునేవాడు. వరి కోసే కొడవలికి మాత్రం కక్కు, అంటే సన్నటి పళ్ళు, ఉండేది. పిడికెడు దంట్లు పట్టుకుని లాగి కోయాలంటే నున్నటి అంచు జారుతుంది, పళ్ళు పట్టుకుంటాయి. ఆ కక్కు అరిగితే రైతు ఇంట్లో చేసేదేమీ లేదు. కొడవలి కొలిమి దగ్గరికి వెళ్ళాల్సిందే. కమ్మరి దాన్ని కాల్చి, అంచు సాగగొట్టి, ఉలితో ఒక్కో గంటు కొత్తగా కొట్టి ఇచ్చేవాడు. అంటే పళ్ళున్న పనిముట్టు ఎక్కువ రోజులు పని చేస్తుంది కానీ మొండికేసిన రోజున పనివాడి గడప తొక్కిస్తుంది. భోపాల్‌లోని కేంద్ర వ్యవసాయ ఇంజినీరింగ్ సంస్థ రూపొందించిన నవీన్ కొడవలికీ పళ్ళే పెట్టారు. మాటిమాటికీ నూరే బాధ తప్పించడం అందులో ఒక లాభం.

ఇక మన వంటిళ్ళ సంగతి. హఫీజ్‌పేట్ నుంచి కొండాపూర్ దాకా ఏ ఫ్లాట్‌లో చూసినా గ్రానైట్ గట్టే. దాని మీదే పెట్టి తరిగేవాళ్ళు ఎందరో! గ్రానైట్‌లోని పలుగురాయి గట్టిదనం మోస్ కొలతలో 7. చాకు ఉక్కు 5.5 నుంచి 6.5 మధ్య ఉంటుంది. రోజూ దాని మీద తరిగితే ఎంత మంచి చాకైనా వారం తిరక్కుండానే మొద్దవుతుంది. చెక్కపీట వాడండి, సగం నూరుడు తప్పుతుంది. అదే గట్టిదనం నూరడానికి పనికొస్తుంది. మన చుట్టూ ఉన్న బండలు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్లే. గరుకుగా ఉన్న ఆ బండల మీదే పల్లెల్లో కత్తులు నూరేవారు. అదే మన ఎంఎంటీఎస్ పట్టాల వెంట పడమటికి పోతే వచ్చే తాండూరు బండ సున్నపురాయి, గట్టిదనం 3 దరిదాపుల్లో. దాని మీద ఎంత రుద్దినా చాకుకి పదును రాదు, బండే అరుగుతుంది.

సాదా చాకు నూరడం కష్టమేం కాదు. హార్డ్‌వేర్ దుకాణంలో ఒకవైపు గరుకుగా, ఒకవైపు సన్నగా ఉండే కార్బొరండం రాయి దొరుకుతుంది. తడిపి, కిందికి తడిగుడ్డ వేసి కదలకుండా పెట్టుకోండి. చాకు 20 డిగ్రీల వాలులో ఉండాలి. 3 సెంటీమీటర్ల వెడల్పు చాకైతే దాని వీపు రాయికి 1 సెంటీమీటరు ఎత్తులో ఉంటే సరిపోతుంది. ఒకే వైపు రుద్దుతూ పోతే, అవతలి వైపు అంచున సన్నటి గరుకు గోటికి తగులుతుంది. అప్పుడు తిప్పి రెండో వైపు పట్టండి. చివర్లో సన్నటి వైపు తేలిగ్గా నాలుగుసార్లు అటూ ఇటూ పడితే ఆ గరుకు రాలిపోతుంది. పండు టమాటా మీద చాకు ఆనించి నొక్కకుండా లాగండి. తొక్క తెగిందా, పని అయినట్టే.

ఇక్కడో కిటుకుంది. సాదా అంచనేది కంటికి మాత్రమే సాదా. సూక్ష్మదర్శినిలో చూస్తే రాయి చేసిన గీతల వల్ల దానికీ చిన్న చిన్న పళ్ళుంటాయి. గరుకు రాయి మీద ఆపేస్తే పళ్ళు కాస్త పెద్దవిగా నిలుస్తాయి, టమాటా తొక్కని ఇట్టే పట్టుకుంటాయి. సన్నరాయి దాకా వెళితే అద్దంలా నునుపెక్కుతుంది, మాంసానికీ చేపకీ హాయి. నూరడం వస్తే ఒక్క చాకే రెండు పనులూ చేస్తుంది.    

రంపపు చాకు నూరాలంటే ఓపిక కావాలి. చాలావాటికి ఒకవైపే వాలు ఉంటుంది, రెండో వైపు చదును. గుంటలో ఇమిడే సన్నటి పుల్లకి 400 నంబరు వాటర్ పేపర్ చుట్టి, వాలు ఉన్న వైపు నుంచి ఒక్కో గుంటనీ విడిగా రుద్దాలి. చివర్లో చదును వైపు రాయి మీద పడుకోబెట్టి ఒకసారి లాగితే చాలు. బ్రెడ్డు చాకుకైతే ఈ శ్రమ దండగ కాదు. చీమ తలకాయంత పళ్ళుండే చవక టమాటా చాకుకి ఇది కుదరదు, అరిగాక మార్చేయడమే.

సైకిల్‌కి సానచక్రం బిగించుకుని వీధుల్లో తిరిగే మనిషి చేతికి రంపపు చాకు ఎప్పుడూ ఇవ్వకండి. చక్రం మీద పళ్ళు పోతాయి. సాదావి, కత్తెరలు నిశ్చింతగా ఇవ్వచ్చు. నీళ్ళలో ముంచుతూ పట్టమని ఒక్కమాట చెప్పండి. మామూలు ఉక్కు 300 డిగ్రీల దగ్గర నీలంగా మారుతుంది, అంచున నీలం కనిపించిందంటే అక్కడ పదును ఇక నిలవదు.

కానీ అతను మీదాకా రావాలి కదా. గల్లీల్లో పిలుచుకుంటూ తిరిగే మనిషిని గేటెడ్ కమ్యూనిటీల సెక్యూరిటీ లోపలికి పంపదు. పన్నెండో అంతస్తుకి అతని కేక వినపడదు. అందుకే మన ఇళ్ళలో చాకులు మొద్దుబారుతున్నాయి, రంపపు చాకులు పెరుగుతున్నాయి. మీ అపార్ట్‌మెంట్ కమిటీ మీటింగులో ఈసారి ఈ మాట పెట్టండి. నెలకో ఆదివారం, పార్కింగ్‌లో ఒక మూల, రెండు గంటలు. అతనికి నాలుగు రూకలు దక్కుతాయి, మీ ఫ్లాట్లన్నిటికీ పదును వస్తుంది. అది కుదిరితే చాకు సాదాదే కొనండి.

కమిటీ ఏమందో తప్పకుండా రాయండి.

ఉంటాను,
మీ హఫీజ్‌పేట్ మిత్రుడు