ఎవరి తాతకో ఎవరో పెట్టే దీపం

మీ ముత్తాత పేరు చెప్పగలరా? చాలామంది చెబుతారు. తర్పణం వదిలే ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాత అంటూ మూడు తరాల పేర్లు ఏటా పలుకుతారు కాబట్టి అంతవరకూ నిలుస్తాయి. మరి ముత్తాతగారి నాన్న పేరో? ఆయన్ని కట్టుకున్నావిడ పుట్టింటివారు ఎవరో? అక్కడికొచ్చేసరికి మనలో చాలామందిమి తెల్లమొహం వేస్తాం. ఒకప్పుడు పిచ్చుకుంట్లవారు ఊరూరా తిరిగి రైతుల ఇళ్ల ముందు గోత్రాలూ వంశాలూ పాడి వినిపించేవారు. ఆ నోటిపాటలో ఎన్నో తరాల వాళ్లు బతికుండేవారు. పాడేవాళ్లు తగ్గారు, వినేవాళ్లు పట్నాలకు వెళ్లిపోయారు.

ఈవేళ మీతో ముచ్చటించాలనుకున్నది ఇంకో రకం మనుషుల గురించి. తమ రక్తసంబంధం కాని వాళ్ల సమాధులు వెతికి, నాచు తుడిచి, పేరు చదివి, ఫొటో తీసి, ఎక్కడో ఉన్న మనవలకు పంపించే మనుషులు. పైసా పుచ్చుకోరు. నాకు వీళ్లంటే ఎంత గౌరవమో చెప్పలేను.

అమెరికాలో ఇది పెద్ద ఉద్యమమే అయింది. సాల్ట్ లేక్ సిటీలో జిమ్ టిప్టన్ అనే ఆయనకు ప్రసిద్ధుల సమాధులు చూసి రావడం సరదా. 1995లో ఆ వివరాలన్నీ ఒకచోట పెట్టి ‘ఫైండ్ ఎ గ్రేవ్’ అనే వెబ్‌సైటు మొదలుపెట్టాడు. తర్వాత మామూలు మనుషుల సమాధులకూ అందులో చోటిచ్చారు. 2013లో వంశవృక్షాల సంస్థ యాన్‌సెస్ట్రీ దాన్ని కొనుక్కుంది. ఇప్పుడందులో ఇరవై కోట్లకు పైగా పేర్లున్నాయి. వాటిలో చాలా మటుకు ఊరూరా ఉన్న స్వచ్ఛంద కార్యకర్తలు చేర్చినవే. పద్ధతి చాలా సులువు. సియాటిల్‌లో ఉన్నావిడకు ఒహాయోలోని తాతగారి సమాధి చూడాలనుంది, అంతదూరం వెళ్లలేదు. ఫలానా శ్మశానంలో ఫలానా పేరు అని ఒక విన్నపం పెడుతుంది. ఆ ఊళ్లోనే ఉన్న ఎవరో ఒకరు ‘నేను చూస్తాను’ అని ఒప్పుకుంటారు. తీరిక చిక్కినప్పుడు వెళ్లి, వరుసలన్నీ తిరిగి, ఫొటో తీసి పెడతారు. 1999లో మొదలైన ఇంకో బృందంలో నియమం మరీ ముచ్చటైనది. చేరినవాళ్లు నెలకొక్కసారైనా తమ ప్రాంతంలో ఎవరికో ఒకరికి ఇలాంటి సాయం చేయాల్సి ఉండేది, అంతే.

సమాధి దగ్గరికి దారి చూపేది మాత్రం తరచుగా పాత పత్రికలోని మరణవార్త. అక్కడి చిన్న ఊళ్ల పత్రికలు ఈ వార్తలు ఎంత వివరంగా రాసేవో! పోయినాయన ఎక్కడ పుట్టాడు, ఏ చర్చికి వెళ్లేవాడు, పెద్దకూతురు ఎవరి భార్య, ఆవిడ ఏ ఊళ్లో ఉంటోంది, శవపేటిక మోసినవాళ్లెవరు, ఏ శ్మశానంలో పూడ్చారు, అన్నీ. ఒక్క పదిహేను పంక్తుల వార్తలో రెండు తరాలు దొరికిపోతాయి. పెళ్లయ్యాక పేరు మారిపోయి కనబడకుండా పోయిన ఆడపిల్ల, తండ్రి మరణవార్తలో మళ్లీ ప్రత్యక్షమవుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు చివరగా పోయినవారితో మొదలుపెట్టి వెనక్కి నడవమంటారు.

శ్మశానంలోకి అడుగుపెట్టాక కొన్ని మెళకువలున్నాయి. మీకు కావలసిన రాయి ఒక్కటే చూసి వచ్చేయకూడదు. అటూ ఇటూ ఉన్న రాళ్లు కూడా చదవాలి, ఎందుకంటే కుటుంబాలు పక్కపక్కనే స్థలం తీసుకునేవి. అక్షరాలు అరిగిపోయి ఉంటే పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో చూడాలి, లేదా అద్దంతో వెలుగును పక్కనుంచి రాతి మీదికి తిప్పాలి. నీళ్లూ మెత్తని బ్రష్షూ చాలు. ఇనుప బ్రష్షు, ఆసిడ్, బ్లీచింగ్ వాడితే ఉన్న నాలుగక్షరాలూ పోతాయి. ఇంకోమాట, రాయి మీద ఉన్నదంతా వేదం కాదు. పోయిన చాలా ఏళ్లకు పిల్లలు నిలబెట్టిన రాళ్లలో పుట్టిన సంవత్సరం తప్పు పడటం మామూలే. చర్చి రిజిస్టరుతో సరిపోల్చుకోవాలి.

ఇదంతా పరాయిదేశపు సంగతి, మనకెందుకు అనుకుంటున్నారా? మచిలీపట్నం వెళ్లండి. బందరులోని డచ్చివారి సమాధుల మీద కుటుంబ చిహ్నాలూ రాతలూ చెక్కిన పదిహేడో శతాబ్దపు పలకలు ఇప్పటికీ ఉన్నాయి. అక్కడి సెయింట్ మేరీస్ చర్చి 1809లో కన్నుమూసిన అరబెల్లా రాబిన్సన్ సమాధి మీద వెలిసింది. నోబుల్ కాలేజీ పెట్టిన రాబర్ట్ నోబుల్ 1865లో ఆ ఊళ్లోనే పోయాడు. భీమిలిలో హాలండర్స్ గ్రీన్ అనే పాత డచ్చి శ్మశానం ఉంది. ఇంగ్లండులోనో హాలండులోనో ఎవరో ఇంటి కాగితాలు తిరగేస్తూ ‘మసూలిపటం’ అన్న పేరు దగ్గర ఆగిపోతే, వాళ్ల వెతుకులాట మన వీధి చివరికే వస్తుంది.

వాళ్లకు ఆధారాలూ ఉన్నాయి. మద్రాసు రాజధానిలోని చర్చిల్లో రాసిన జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు, ఖననాల లెక్కల నకళ్లు లండనుకు వెళ్లేవి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. 1905లో కాటన్ గారు మద్రాసు రాజధానిలోని సమాధుల మీది రాతలెన్నో పోగుచేసి పుస్తకంగా తెచ్చాడు. ధవళేశ్వరం కాటన్ దొర కాదండీ, ఈయన జూలియన్ జేమ్స్ కాటన్. అప్పుడాయన ఎక్కించిన రాతల్లో తర్వాత రాయి పగిలిపోయినవాటికి ఆ పుస్తకమే మిగిలిన సాక్ష్యం. 1970లలో థియాన్ విల్కిన్సన్ చొరవతో దక్షిణాసియా శ్మశానాల కోసం బ్రిటనులో ఒక సంఘం పుట్టింది. 1998లో మొదలైన ‘ఫిబిస్’ సంఘం స్వచ్ఛంద కార్యకర్తలతో పాత పత్రికల మరణవార్తలూ ఖనన రిజిస్టర్లూ ఇంటర్నెట్‌లో ఎక్కించి, ఎవరైనా ఉచితంగా వెతుక్కునేలా పెట్టింది.

మనవాళ్లూ అలా అక్కడి సమాధుల దగ్గరికి వెళ్తున్నారు. సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లో పోయాడు, కెన్సల్ గ్రీన్ శ్మశానంలో ఉన్నాడు. నిఘంటువు ఇచ్చిన మనిషికి అక్కడి తెలుగువాళ్లు వెళ్లి పూలు పెట్టి వస్తున్నారు. ఆయనకు వాళ్లు చుట్టాలా పక్కాలా? అయినా వెళ్తున్నారు.

ఇక నా మనసుకు అన్నిటికన్నా దగ్గరైనది డర్బన్ కథ. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 342 మందితో డర్బన్ చేరింది. 1911 వరకూ అలా చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లు లక్షా యాభై వేల పైచిలుకు. విశాఖ, గంజాం, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వెళ్లిన తెలుగువాళ్లు అందులో చాలామంది. 1931 నాటికి వాళ్లు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఓడ జాబితాలో ఒక్కొక్కరికీ ఒక నంబరు ఇచ్చి, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు రాశారు. ఇప్పటి మునిమనవలకు ఆ నంబరే ఆధారం. మరణ ధ్రువపత్రంలోనో, ఇంట్లో దాచిన పాత కాగితంలోనో ఆ నంబరు దొరికితే జాబితాలో తాత దొరుకుతాడు. కానీ తెలుగు రాని గుమస్తా విన్నది విన్నట్టు ఇంగ్లీషులో గిలికిన ఊరి పేరు? అది బొబ్బిలి పక్క పల్లెటూరా, పలాస పక్కదా? లండన్‌లోని లైబ్రరీ తేల్చలేదు. ఆ తాలూకాలో పుట్టి పెరిగినవాళ్లే పేరు పలికి చూసి ‘ఇది మా పక్క ఊరే’ అనగలరు. అంటే మీరు. ఈ పనిలో మీకున్న చదువు ప్రపంచంలో ఇంకెవరికీ లేదు.

అందుకే అడుగుతున్నాను. మీ ఊళ్లో పాత సమాధుల తోట ఉంటే, పాస్టరు గారినో ముతవల్లీనో అడిగి అనుమతి తీసుకుని, ఒక పూట వెళ్లి రాళ్లన్నీ ఫొటో తీయండి. ఒకటి రాతి అక్షరాలు కనబడేలా, ఒకటి చుట్టుపక్కలు కనబడేలా. ఎవరైనా ఊరి పేరు పట్టుకుని వెతుక్కుంటూ వస్తే మీ ఇంటి పెద్దవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. బతికున్నవాళ్ల పేర్లూ చిరునామాలూ మాత్రం వాళ్లనడగకుండా ఎక్కడా పెట్టకండి.

దహనం చేసే మన ఇళ్లలో రాయి మిగలదు. మిగిలేది పత్రికలో శ్రద్ధాంజలి ప్రకటన, పెద్దకర్మ కార్డు. వాటిలో మనం రాసేదేమిటి? ఫొటో, పేరు, తేదీ, ‘శోకతప్త కుటుంబ సభ్యులు’. అందులో మునిమనవడికి పనికొచ్చేది ఎంత? పోయినావిడ పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేర్లు ఊళ్లతో సహా రాయండి. ఇంకో నాలుగు పంక్తుల ఖర్చు. మూడు తరాల తర్వాత తాతమ్మ కోసం వెతికేవాడికి ఆ నాలుగు పంక్తులే రాయి మీది రాత. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ వివరాలు ఇప్పుడే అడిగి రాసిపెట్టుకోండి. వాళ్లూ సంతోషంగా చెబుతారు.