జనమునకు జడియువారు ఓడ ఎక్కవచ్చునా?



మేము సంఘ కాపరిగా పని మొదలుపెట్టి పదునెనిమిది సంవత్సరములైనది. ఇన్నేళ్ళలో మా సంఘస్థులకు చెప్పని మాట ఒకటి ఉన్నది. జనము గుమిగూడిన చోట మాకు ఊపిరి ఆడదు. ఆదివారము మన మందిరములో కూర్చుండే నూట ఇరువది మంది సంగతి వేరు. వారి పేర్లు, వారి పిల్లల పేర్లు, ఎవరు ఏ చాప మీద కూర్చుంటారో మాకు తెలుసు. పెండ్లి పందిళ్ళు, పెద్ద సభలు, పండుగ ముందురోజు బందరు బస్టాండు, వీటి పేరు చెబితేనే చేతులు చల్లబడతాయి. సభలకు పిలిచినప్పుడు వేదిక వెనుక మైకుసెట్టు పెట్టెల ప్రక్కన నిలబడి, ప్రార్థన ముగియగానే సైకిలు ఎక్కి వచ్చేసేవారము. "అయ్యగారికి గర్వం, ఎవరితోనూ కలవరు" అని ఒక కుటుంబమువారు మందిరమునకు రావడము మానుకున్నారు కూడా. అది గర్వము కాదు, భయము అని చెప్పుకొనుటకు మాకే సిగ్గుగా ఉండెను.

ఇట్టి మాకు మొన్న 2025లో మా బావమరిది, మా పెండ్లి అయి ఇరువది ఏండ్లు నిండిన సందర్భమున, ఓడ ప్రయాణమునకు టిక్కెట్లు కొని పంపాడు. విశాఖపట్నములో ఎక్కి, పుదుచ్చేరి చూచి, చెన్నైలో దిగుట. "బావగారూ, మీకు సముద్రమంటే ఇష్టం గదా, హాయిగా ఏకాంతంగా ఉంటుంది" అన్నాడు ఫోనులో. మేమును అట్లే అనుకున్నాము. యేసుప్రభువు సయితము జనసమూహము తన మీద పడకుండునట్లు చిన్న దోనె ఒకటి సిద్ధముగా ఉంచమని శిష్యులతో చెప్పినట్లు మార్కు సువార్త మూడవ అధ్యాయములో ఉన్నది గదా. జనమును తప్పించుకొనుటకే దోనె. ఓడ కూడ అంతే కాబోలు అని మా ఊహ.

తరువాత మా అబ్బాయి ఆ ఓడ వివరములు చదివి వినిపించాడు. ఓడ పేరు ఎంప్రెస్, నడిపేది కార్డేలియా సంస్థ. 1990లో ఫ్రాన్సు దేశములో కట్టారు. పదకొండు అంతస్థులు, పొడవు సుమారు 211 మీటర్లు, గదులు దాదాపు ఎనిమిది వందలు. 2022 జూన్ 8న మొదటిసారి విశాఖ నుండి ప్రయాణికులతో బయలుదేరింది. మనుష్యులు ఎందరు ఎక్కుతారు అని అడిగితే, పనివారు గాక పదిహేను వందల పైమాటే అన్నాడు. మా గుండె జారిపోయింది. మా ఊరి చుట్టుప్రక్కల జనమంతా ఒకే కప్పు క్రింద, దిగిపోవుటకు దారి లేకుండ, మూడు రాత్రులు!

మా యింటావిడ మాత్రము పెట్టె సర్దుతున్నది. "మీకు రావాలని లేకపోతే చెప్పండి, మా చెల్లిని తీసుకుపోతాను. ఇరవై ఏళ్ళలో నేను వండకుండా తిన్న రోజులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు" అన్నది. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయాము.

ఈ భయము ఎక్కడిదో కూడ ఇక్కడ చెప్పుట న్యాయము. 2004 డిసెంబరు 26, ఆదివారము. క్రిస్మసు మరునాడు. అప్పటికి మాకు ఇరువది రెండేండ్లు, వేదాంత విద్య చదువుతూ సెలవులకు ఇంటికి వచ్చియున్నాము. ఆరాధనకు ఇంకా వేళ ఉన్నదని మా అక్క కుమారుని, ఐదేండ్లవాడిని, చెయ్యి పట్టుకొని మంగినపూడి తీరమునకు నడిపించుకొని వెళ్ళాము. పౌర్ణమి గనుక స్నానములకు వచ్చినవారు, సెలవు గనుక చూడవచ్చినవారు, తీరమంతా కిటకిటలాడుతున్నది. సునామీ అను మాట అప్పటికి మేము విని యెరుగము. నీళ్ళు వచ్చిన తీరు గురించి అందరూ అడుగుతారు గాని, మాకు జ్ఞాపకమున్నది నీళ్ళు కాదు, పరుగెత్తే జనము. వెనుకనుండి తోసినవారెవరో, ముందు పడినవారెవరో తెలియదు. పిల్లవాని చెయ్యి మా చేతిలోనుండి జారిపోయింది. ఆ దినమున ఈ తీరము మీద ప్రాణములు పోగొట్టుకొన్నవారు ఉన్నారు. మావాడు సాయంకాలమునకు దొరికాడు. ఎవరో జాలరి స్త్రీ ఎత్తుకొని తన ఇంటికి తీసికొనిపోయి గంజి త్రాగించి నిద్రపుచ్చింది. వాడిప్పుడు హైదరాబాదులో ఉద్యోగము చేసుకుంటున్నాడు, వానికి ఆ సంగతి జ్ఞాపకమే లేదు. మాకు మాత్రము గుంపు కనబడితే ఆ చిన్న వ్రేళ్ళు జారిన స్పర్శ అరచేతిలోనికి వస్తుంది.

సరే, బందరులో రాత్రి బండి ఎక్కి విశాఖ చేరాము. ఓడ ఎక్కే చోటు హార్బరులో క్రొత్తగా కట్టిన ప్రయాణికుల టెర్మినలు, 2023లో ప్రారంభమైనది. మీలో ఎవరైనా వెళ్ళదలచితే ముందుగా తెలిసికొనవలసినది ఇది: ఓడలో జనము ఎల్లవేళల జనము కాదు. అది మన కాలువలకు నీళ్ళు వదలినట్లు వంతుల చొప్పున వస్తుంది, పోతుంది. అన్నిటికంటె పెద్ద రద్దీ ఎక్కునప్పుడే. ఆధారు కార్డు చూపుట, పెట్టెలకు చీటీలు కట్టి అప్పగించుట, సోదా, ఫోటో, గది తాళపు కార్డు, ఇన్ని వరుసలు. టిక్కెట్టు మీద వ్రాసిన వేళలో మొదటి గంటకు అందరూ వస్తారు. మేము కాఫీ త్రాగి, ఒక గంట బయట కూర్చొని, తరువాత వెళ్ళాము. ముందు పదిమంది కంటె ఎక్కువ లేరు. ఇంటి తినుబండారములు తేవద్దన్నారని మా యింటావిడ ఆవకాయ సీసా విశాఖలోని బంధువుల ఇంట విడిచిపెట్టింది. ఓడ విడిచిపోతున్నందుకు గాక, ఆ సీసా విడిచిపోతున్నందుకు ఎక్కువ వెనక్కి చూచినది.

గది చిన్నదే, కిటికీ లేనిది. కిటికీ ఉన్నవాటికి వెల ఎక్కువ. అయితే తలుపు వేసుకుంటే చప్పుడు లేదు, దీపమార్పితే పట్టపగలు కూడ చీకటి. జనముతో అలసినవానికి అంతకంటె ఏమి కావలెను? ఓడ ఊగుడు భయపడేవారు నడిమి భాగములో, క్రింది అంతస్థులలో గది అడగడము మేలు. ఏతము కొన రెండు చివరలే ఎక్కువ లేచి పడునట్లు, ఓడకు కూడ చివరలలోనే ఊపు ఎక్కువ. మేము వెళ్ళినది వర్షాకాలము గనుక రెండవ పూట కొంచెము ఊగింది. అల్లపు ముక్క నోట పెట్టుకొని, దూరముగా సముద్రమును ఆకాశమును కలిసే గీత వైపు చూస్తూ కూర్చుంటే తగ్గింది.

ఇక ముఖ్యమైన సంగతి. ఓడ కదలుటకు ముందో, కదలిన వెంటనేనో అందరినీ ఒక చోటికి పిలుస్తారు. ప్రమాదము వస్తే ఎక్కడ నిలువవలెను, తేలే కోటు ఎట్లు తొడుక్కొనవలెను అని నేర్పుటకు. ఇది తప్పనిసరి. 1912లో టైటానిక్ మునిగిన తరువాత, 1914లో పలు దేశములు కూడి సముద్ర ప్రయాణికుల రక్షణకు ఒప్పందము వ్రాసుకొన్నాయి. 2012లో ఇటలీ తీరమున కోస్టా కాంకోర్డియా అను ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, అప్పుడే ఎక్కిన చాలమందికి ఈ శిక్షణ ఇంకా ఇవ్వలేదు. అందుచేత బయలుదేరే వేళకే ఇది ముగియవలెనని 2015 నుండి నియమము వచ్చింది.

ఇదంతా మేము తరువాత తెలిసికొన్నది. ఆ సాయంకాలము మాకు తెలిసినది, గంట మ్రోగినది, తలుపులన్నీ ఒక్కసారి తెరచుకొన్నవి, ఇరుకు నడవాలో జనము మెట్ల వైపు నడుస్తున్నారు. మేము మూడు మెట్లు దిగి ఆగిపోయాము. కాలు కదలదు. కటకటా పట్టుకొని నిలిచిపోయాము. మా యింటావిడ ఏమీ అనలేదు. మాకు ఎదురుగా వచ్చి నిలబడింది, జనము ఆమెకు ప్రక్కగా చీలిపోవునట్లు. ఇరువది ఏండ్లలో ఆమెకు ఈ సంగతి ఎంత తెలుసో మాకు అప్పుడు తెలిసినది.

ఓడలో పనిచేసే కుర్రవాడొకడు వచ్చి, మా కార్డు చూచి, "తొందరేమీ లేదు సర్, గోడ పట్టుకుని నిదానంగా రండి. మీరు వచ్చేదాకా లెక్క ముగియదు" అన్నాడు. తెలుగువాడే, మాట తీరు చూస్తే ఉత్తరాంధ్ర. క్రిందికి వెళ్ళి చూచాము గదా, ప్రతి గదివారికీ నిలువవలసిన చోటు ముందే వ్రాసియున్నది. చేతిలో పట్టీతో ఒక అమ్మాయి ఒక్కొక్కరినీ లెక్కిస్తున్నది. మా ఇద్దరి దగ్గరకు వచ్చి గుర్తు పెట్టింది. పదిహేను వందల మంది, ఒక్కరు తక్కువైతే తెలుస్తుంది. 2004లో ఆ తీరము మీద మమ్ములను లెక్కించువారెవరూ లేరు. మేము అంతమంది నడుమ అరగంట నిలబడియున్నాము, చేతులు చల్లబడలేదు. మేము నయమైపోయామని చెప్పుట లేదు. మరునాటి రాత్రి ఆటపాటల సభకు వెళ్ళి పది నిమిషములకే లేచి వచ్చేశాము.

మూడు రాత్రులలో కనిపెట్టిన కొన్ని సంగతులు. లిఫ్టు కొరకు నిలువక మెట్లు ఎక్కువారికి గుంపు తగలదు. భోజనశాల తెరచిన తరువాత ముప్పావు గంట ఆగి వెళితే బల్లలు ఖాళీ అవుతాయి, వంటకములకు కొదువ ఉండదు. మద్యము అమ్మేచోట్లు, జూదపు గది ఉన్నవి. ఎవరూ చెయ్యి పట్టి లాగరు, ఆ అంతస్థు దాటి నడిస్తే సరి. ఒడ్డు దాటిన కొంతసేపటికి ఫోను మూగబోతుంది. ఇది మా వంటివారికి లాభమే గాని, సంఘములో ఎవరికైనా బాగుండకపోతే ఎట్లని మొదటి రాత్రి నిద్ర పట్టలేదు. చెన్నైలో దిగేటప్పుడు మొదట దిగవలెనని అందరూ మెట్ల దగ్గర గుమిగూడుతారు. కూర్చొని చివరికి వెళ్ళండి. పెట్టెలు ఎక్కడికీ పోవు.

తెల్లవారుజామున నాలుగున్నరకు పై అంతస్థుకు వెళితే ఎవరూ ఉండరు. తుడిచేవాడు ఒకడు, మేము. మన తీరము దగ్గర నల్లమట్టి కలిసి బురదగా ఉండే నీరు అక్కడ నీలిమందు కలిపినట్లున్నది. మా లెక్కకు ఓడ అప్పుడు కృష్ణా ముఖద్వారముల ఎదుట, చాల దూరమున పోతూ ఉండవలెను. పడమటి వైపు చూస్తూ నిలబడ్డాము. మంగినపూడి దీపస్తంభపు వెలుగు కనబడుతుందేమో అని ఆశ. కనబడలేదు. మా తాతగారు కాకినాడలో స్టీమరు ఎక్కి రంగము పోయినప్పుడు ఇట్లే చూచియుంటాడు గాని, ఆయనకు గది ఎక్కడిది? పై తట్టున చాప పరచినంత చోటు ఆయన వంతు. ప్రక్కవాని కాలు తనమీద, తన చెయ్యి ప్రక్కవాని మూట మీద. దానిని గురించి ఆయన మా నాయనగారితో చెప్పిన ఒకే మాట, ఆ ప్రక్కవాడు మూడు రోజులూ తన దగ్గరున్న అటుకులు పెట్టాడని.

మూడవనాడు ఉదయము పుదుచ్చేరి వచ్చింది. ఓడ తీరమునకు పోలేదు, సముద్రములోనే లంగరు వేసింది. జనమును చిన్న బోట్లలో ఒడ్డుకు తీసికొనిపోతున్నారు. మా యింటావిడకు ఈ పాటికి శ్రీకాకుళము వైపు నుండి వచ్చిన నలుగురు స్త్రీలు స్నేహితులయ్యారు. "మీరు వద్దులెండి, పడవలో ఒత్తుకుని కూర్చోవాలట. నేను వీళ్ళతో పోయి వస్తాను" అని, చెప్పులు చేతపట్టుకొని బోటు ఎక్కింది.

ఓడ ఖాళీ అయింది. ఏ దినము కొరకు టిక్కెట్టు వచ్చినదగ్గర నుండి ఆశపడ్డామో ఆ దినము. పదకొండు అంతస్థులు తిరిగాము. కుర్చీలన్నీ మావే. ఒక గంట చదువుకొన్నాము. తరువాత చదివినదే మరల చదువుతున్నామని గ్రహించి పుస్తకము మూసి, బోట్లు వచ్చే వైపునకు వెళ్ళి నిలబడ్డాము. మొదటి బోటు వచ్చింది. అందులో లేదు. రెండవది వచ్చింది, అందులోనూ లేదు. ఎక్కివచ్చేవారి కార్డులు ఒక్కొక్కటి గీస్తూ లెక్క చూచేవాని ప్రక్కనే మేమును నిలబడి లెక్కిస్తున్నాము. ఎక్కినవారంతా మమ్ములను ఒరుసుకొని పోతున్నారు. ప్రక్కకు తొలగవలెనని తోచలేదు.

నాలుగవ బోటులో మా యింటావిడ వచ్చింది. ఎండకు ముఖము కందిపోయింది, చేతిలో మల్లెపూల పొట్లము. "ఇక్కడెందుకు నిలబడ్డారు ఈ గుంపులో? అన్నం తిన్నారా?" అన్నది.

తినలేదు అన్నాము. ఇద్దరము మెట్లు ఎక్కి భోజనశాలకు వెళ్ళాము. అప్పటికి అక్కడ జనము నిండుగా ఉన్నారు. శ్రీకాకుళము వారి బల్ల దగ్గర రెండు కుర్చీలు ఉంటే కూర్చున్నాము.