‘హీ’ కొట్టేసి ‘షీ’

హాస్టల్ సాంబారు నీళ్ళలా ఉందని మా అమ్మాయి ఫోనులో సణిగినప్పుడల్లా నాకు అయ్యలసోమయాజుల లలితగారు గుర్తొస్తారు. పద్ధెనిమిదేళ్ళకే పసుపుకుంకాలు పోయాయి. ఒళ్ళో నాలుగు నెలల పాప. అలాంటి తెలుగుపిల్ల 1940లో మద్రాసులోని గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ చదవడానికి వెళ్ళారంటే మాటలా!

1794లో సర్వే బడిగా మొదలైన ఆ కాలేజీలో అంతవరకూ మగపిల్లలే. తండ్రి పప్పు సుబ్బారావుగారు అక్కడే ప్రొఫెసరు. ఆయనే పైవాళ్ళని అడిగి కూతురికి సీటు సంపాదించారు. తర్వాత సివిల్ చదవడానికి ఇంకో ఇద్దరమ్మాయిలు తోడొచ్చారు. పాప మాత్రం అయినవాళ్ళ దగ్గరే.

తీరా చదువు పూర్తయితే, పట్టా మీద ‘హీ’ అని అచ్చయి ఉంది. దాన్ని కలంతో కొట్టేసి ‘షీ’ అని దిద్దారుట!

1978లో ఆ కాలేజీ అన్నా విశ్వవిద్యాలయంలో భాగమయింది. ఇవాళ అక్కడ ఆడపిల్లలు పుస్తకాలు పట్టుకుని నడుస్తుంటే ఎవరూ వింతగా చూడరు. ఆ చూడకపోవడం వెనక ఓ తండ్రి పట్టుదలా, ఓ తల్లి తెగువా ఉన్నాయి సుమండీ!