పాత తొవ్వలనే కొత్త వైరు

లింగాల ఘనపూర్

దోస్తూ,

మీ అవ్వ ఫోన్ల చెప్పే ఉంటది, చిన్న తుంపరకు ఇప్పుడు మీ ఇంట్ల టీవీల బొమ్మ పోతలేదు. జోరువానకు పోతే అది మబ్బు పని, వైరుది కాదు. గోడకు కొత్త బెజ్జం ఒక్కటి సుత పెట్టలేదు. ఎట్ల చేసినమో రాస్తున్న.

మీది మీ నాయిన కట్టిన మట్టిగోడ. డ్రిల్లు పెడితే పెల్లలు పెల్లలుగ రాలుతది. అండ్లకెల్లి వాన దిగితే గోడ లోపలికెల్లే నానుతది. అందుకే ఉన్న బెజ్జంతోనే పని కావాలన్న.

పాత వైరు సన్నది, పై తొడుగు ఎండకు పగిలింది. డిష్ ముందరి ఎల్‌ఎన్‌బీ సిగ్నల్‌ను 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్‌కు దించి పంపుతది. సన్న వైరుల, నీళ్లు దిగిన వైరుల అది తొవ్వలనే తగ్గిపోతది. జనగామ నుంచి ఆర్జీ-6 వైరు తెచ్చిన.

ముందుగాల సెట్‌టాప్ బాక్సు ప్లగ్గు పీకినం. ఎల్‌ఎన్‌బీకి కరెంటు ఆ వైరులనే పోతది, నడిమి తీగె చుట్టున్న జాలీకి తగిలితే బాక్సుకు దెబ్బ. పాత వైరు కొసకు కొత్త వైరు కొస ఎదురుపెట్టి, పిన్ను బిగించకుండ, లావు కాకుండ టేపు చుట్టినం. బయట ఒకలు కొత్తది అందియ్యంగ లోపల ఒకలు పాతది మెల్లగ గుంజినం. దాంతోపాటు నైలాన్ దారం సుత గుంజి గోడలనే ఉంచినం. రేపు ఇంకో వైరు పంపాలంటే అక్కరకొస్తది.

లోపలి గదిల రెండో టీవీకి స్ప్లిట్టర్ చాలన్నరు. చాలదు. బాక్సు 13 వోల్టులు పంపితే ఒక వరుస చానళ్లు, 18 పంపితే ఇంకో వరుస. రెండు బాక్సులు ఒకే వైరు మీద వేరువేరు అడిగితే ఒకదానికి చానళ్లు పోతయి. అందుకే రెండు వైర్లు తగిలే ఎల్‌ఎన్‌బీ పెట్టినం. ఎన్నటిదో కేబుల్ టీవీ వైరు వాడకం లేక గోడల పడున్నది గద, దాన్ని పట్టే రెండోది లోపలికి గుంజినం.

బెజ్జంల దూరే ముందు బయట వైరును కిందికి వంపు వదిలినం, నీటిచుక్క అక్కన్నే రాలుతది. సందును సున్నంతోని పూడ్చినం. కోతులు గుంజకుండ పైన పైపు తొడిగినం.

నువ్వు స్లాబు ఇల్లు కడతనంటున్నవ్. గోడలు లేపేటప్పుడే ప్రతి గదికి ఒక ఇంచు పైపు బయటికి వాలుగ వేయించు, లోపల దారం వదులు. టీవీకైనా ఫైబర్ ఇంటర్నెట్‌కైనా మళ్ల గోడ కొట్టే పనుండదు. ప్లాను గీయించినంక నాకు పంపు, పైపులు ఎక్కడెక్కడ రావాల్నో గుర్తు పెట్టి పంపుత.

నీ దోస్తు